నీళ్ళు వడికిన నూలు: డెర్వెంట్ లోయలో నాలుగు రోజులు

మాది పొందూరు. శ్రీకాకుళం వైపు వాళ్ళకి ఈ ఒక్క మాట చెప్తే చాలు, మా ఇంట్లో నూలు గురించి ఎంత మాట్లాడుకునేవాళ్ళమో తెలిసిపోతుంది. మా అమ్మమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది. ఏకులు చేసి ఎండిన అరటిదొప్పలో దాచుకునేది. ఒంటి కదురు రాట్నం ముందు కూర్చుందంటే పొద్దువాలితేనే లేచేది. సెలవుల్లో ఆవిడ పక్కన కూర్చుని నేనూ కాస్త నేర్చుకున్నాను గానీ, తర్వాత లెక్కల టీచరునై ఆ సంగతే మర్చిపోయాను.

మా అమ్మాయి ఇంగ్లండులో, డెర్బీలో ఉద్యోగం చేస్తోంది. అక్టోబరులో వాళ్ళింటికి వెళ్ళాను. లండన్ వెళ్దామా, సరస్సులు చూద్దామా అని అడిగింది. "మీ ఊరి నది చూపించవే చాలు" అన్నాను. ప్రపంచంలో మొట్టమొదట నీటిబలంతో పత్తినూలు విజయవంతంగా వడికిన ఫ్యాక్టరీలు ఆ నది ఒడ్డునే ఉన్నాయని అప్పటికే చదివి ఉన్నాను. మ్యాట్‌లాక్ బాత్ నుంచి డెర్బీ దాకా సుమారు 24 కిలోమీటర్ల లోయని యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగు రోజులకి పులిహోర, పెరుగన్నం డబ్బాలు ఎన్ని కావాలో లెక్కేసుకుని బయల్దేరాం.

మొదటి రోజు: డెర్బీ

ఊరి మధ్యలో డెర్వెంట్‌ని చూస్తే "ఓస్, ఇంతేనా" అనిపించింది. మా నాగావళి ముందు ఇదో పెద్ద కాలువ. కాకపోతే నాగావళి వేసవి వచ్చేసరికి ఇసుకతిన్నె అయిపోతుంది, ఇది మాత్రం ఏడాది పొడుగునా పారుతుంది. చక్రం తిప్పాలనుకునేవాడికి అంతకంటే ఏం కావాలి?

నది పక్కనే సిల్క్ మిల్లు ఉంది. 1721లో పూర్తయింది, అంటే ఇది పత్తి మిల్లులకంటే యాభై ఏళ్ళు పెద్దది. దీని కథ దొంగతనంతో మొదలవుతుంది. పట్టుదారానికి పురిపెట్టే యంత్రాల గుట్టు అప్పట్లో ఇటలీ వాళ్ళ చేతిలో ఉండేది. జాన్ లోంబ్ అనే కుర్రాడు పీడ్‌మాంట్ వెళ్ళి, అక్కడ పనిలో చేరి, ఆ యంత్రాల బొమ్మలు గీసుకుని తిరిగొచ్చాడు. అన్న థామస్ 1718లో పేటెంట్ తీసుకున్నాడు. జార్జ్ సోరోకోల్డ్ అనే ఇంజినీరు మిల్లు కట్టి, చక్రం బిగించాడు. మిల్లు లేచిన మరుసటి ఏడాదే, 1722లో, జాన్ చనిపోయాడు. ఇటలీ వాళ్ళు ఒకావిడని పంపి విషం పెట్టించారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. రుజువేమీ లేదు గానీ చెప్పేవాళ్ళ ఉత్సాహం మాత్రం మూడొందల ఏళ్ళయినా తగ్గలేదు.

1910లో మిల్లు కాలిపోయింది. పాత గోపురం, కింది పునాది కమానులు మిగిలాయి. 2021 నుంచి ఇది మ్యూజియం ఆఫ్ మేకింగ్. లోపలికి అడుగు పెట్టగానే తలమీద విమానం ఇంజిను వేలాడుతోంది: రోల్స్ రాయిస్ ట్రెంట్ 1000. ఆ కంపెనీ 1908 నుంచి ఈ ఊళ్ళోనే ఉంది. మా అమ్మాయి ఇంజినీరు కాబట్టి అక్కడే గంటసేపు మెడ పైకెత్తి నిలబడింది. నేను మాత్రం 1833–34 నాటి లాకౌట్ సంగతి దగ్గర ఆగిపోయాను. యూనియన్‌లో చేరారని పట్టు పనివాళ్ళని నెలల తరబడి గేటు బయట నిలబెట్టేశారు. ఆకలికి తట్టుకోలేక చివరికి వాళ్ళే ఓడిపోయారు.

సాయంత్రం నది ఒడ్డున అరగంట నడిచి డార్లీ యాబీ మిల్లులకి వెళ్ళాం. ఎవాన్స్ కుటుంబం కట్టించినవి. బోర్స్ హెడ్ అనే కుట్టుదారం ఇక్కడే తయారయ్యేది. ఇప్పుడు హోటళ్ళు, పెళ్ళి హాలు. కాఫీ తాగి వచ్చేశాం.

రెండో రోజు: బెల్పర్

రైల్లో పది నిమిషాల ప్రయాణం. మిల్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర సొరంగంలో పోతుంది కాబట్టి ఆ ఊరు కనబడనేలేదు. అక్కడి మిల్లుల్ని 1960ల్లో చాలావరకు పడగొట్టేశారట, అందుకని నేనూ పెద్దగా బాధపడలేదు.

బెల్పర్ జెడెడయా స్ట్రట్ ఊరు. ఈయన రైతు కొడుకు. 1759లో మేజోళ్ళ మగ్గానికి గీతలు పడేలా నేసే సాధనం ఒకటి బిగించి పేటెంట్ తీసుకుని బాగా సంపాదించాడు. ఆ డబ్బులో కొంత తర్వాత ఆర్క్‌రైట్ అనే మంగలి మీద పెట్టుబడి పెట్టాడు. ఆయన సంగతి రేపు.

ముందు మన కళ్ళకి ఆనేది ఎర్ర ఇటుకల ఈస్ట్ మిల్లు. ఏడంతస్తుల ఆ భవనం ఊరందరి మీదా పెత్తనం చేస్తున్నట్టు నిలబడి ఉంటుంది. కానీ అది 1912 నాటిది, అంత పాతదేం కాదు. అసలు చూడాల్సింది దాని పక్కన ఒదిగి ఉన్న నార్త్ మిల్లు. మొదటి నార్త్ మిల్లు 1803లో తగలబడింది. తగలబడక ఏం చేస్తుంది? చెక్క నేల, దానిమీద కారిన నూనె, గాలినిండా దూది నుసి, వెలుతురుకి కొవ్వొత్తులు. జెడెడయా కొడుకు విలియం మర్నాటి ఏడాది కల్లా మళ్ళీ కట్టించాడు. ఈసారి నిలువు స్తంభాలు, దూలాలు పోత ఇనుముతో పోయించాడు. దూలాల మధ్య ఇటుక కమానులు కట్టి, పైన చదును చేసి నేల వేయించాడు. నిప్పుకి ఆహారం లేకుండా చేశాడన్నమాట. ఆ తర్వాత వచ్చిన ఇనుప చట్రం భవనాలకి, చివరికి ఆకాశహర్మ్యాలకి కూడా ఇలాంటి మిల్లులే ముత్తాతలు. మేము వెళ్ళిన రోజు మూసి ఉంది. కిటికీ అద్దానికి ముక్కు ఆనించి ఒక స్తంభం చూడగలిగాను. మా అమ్మాయి సిగ్గుతో పది అడుగులు దూరం జరిగింది.

రెండు వైపుల మిల్లుల్ని కలుపుతూ రోడ్డుమీదుగా రాతి వంతెన ఉంది. దాని గోడలో చిన్న చిన్న కంతలు. గాలి కోసమేమో అనుకున్నాను. తుపాకీ గొట్టాలు పెట్టడానికట! యంత్రాలు మా పొట్ట కొడుతున్నాయని జనం మిల్లుల మీద పడి పగలగొడుతున్న కాలం అది. నూలు మిల్లుకి కోటబురుజు లక్షణాలు వచ్చాయంటే యజమానులు ఎంత భయపడ్డారో తెలుస్తూనే ఉంది.

నదికి అడ్డంగా 1797లో కట్టిన ఆనకట్ట గుర్రపునాడా ఆకారంలో ఉంటుంది. అంత వంపు ఎందుకో నా లెక్కల బుర్ర అడిగింది. అదే వెడల్పు నదిలో తిన్నగా కట్టే కంటే వంపుగా కడితే అంచు పొడవు పెరుగుతుంది. వరద వచ్చినా నీళ్ళు ఎక్కువ ఎత్తు లేవకుండా దాటిపోతాయి. పక్కనున్న రివర్ గార్డెన్స్‌లో బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ ఆ నీళ్ళు వినడం ఆ రోజుకి నా పండగ.

లాంగ్ రో అనే వీధిలో పనివాళ్ళ కోసం స్ట్రట్‌లు కట్టించిన ఇళ్ళు ఇప్పటికీ వరసగా ఉన్నాయి, జనం కాపురం ఉంటున్నారు. కిటికీలో ఒక పిల్లి, గుమ్మం ముందు చెత్తడబ్బా. వారసత్వ సంపద అంటే ఇలా ఉంటే బాగుంటుంది నాకు.

ఈ ఊరివాడే శామ్యూల్ స్లేటర్. 1768లో పుట్టాడు, స్ట్రట్ దగ్గర పని నేర్చుకున్నాడు. యంత్రాల్నీ, వాటి పని తెలిసినవాళ్ళనీ దేశం దాటనివ్వకూడదని అప్పట్లో చట్టం. ఇతను 1789లో గుట్టంతా బుర్రలో పెట్టుకుని రహస్యంగా ఓడెక్కి అమెరికా చేరాడు. అక్కడ పాటకెట్‌లో నూలు యంత్రాలు నిలబెట్టాడు. అమెరికా వాళ్ళకి ఆయన పరిశ్రమల పితామహుడు, బెల్పర్ వాళ్ళకి ద్రోహి. ఇటలీ నుంచి మనం పట్టుకొస్తే తెలివి, అమెరికాకి ఇంకొకడు పట్టుకుపోతే ద్రోహం! నిన్న సిల్క్ మిల్లు చూసొచ్చినదాన్ని కదా, నాకు నవ్వొచ్చింది.

మూడో రోజు: చెస్టర్‌ఫీల్డ్ (పొరపాటున), క్రామ్‌ఫర్డ్

ఉత్తరానికి పోయే రైలు ఏదైనా ఒకటే అనుకుని, కబుర్లలో పడి, వేరే రైలెక్కేశాం. క్రామ్‌ఫర్డ్‌కి పోయే లైను ఆంబర్‌గేట్ దగ్గర విడిపోతుంది. మా రైలు అక్కడ ఆగకుండా దూసుకుపోయింది. దిగేసరికి చెస్టర్‌ఫీల్డ్. మా అమ్మాయికి టెన్షన్. నాకేమో స్టేషనులోంచే చర్చి శిఖరం ఒకటి కనబడింది. చెరుకుగడని మెలితిప్పి వదిలేసినట్టు వంకర తిరిగి, ఒక పక్కకి వాలిపోయి ఉంది. పచ్చి కలప వాడటం, పైన వేసిన సీసపు రేకుల బరువు దానికి కారణాలంటారు. తప్పు రైలెక్కకపోతే ఇది చూసేవాళ్ళం కాదు కదా అంటే అమ్మాయి మాట్లాడలేదు. వెనక్కి వచ్చి అసలు రైలు పట్టుకునేసరికి పదకొండు దాటింది.

క్రామ్‌ఫర్డ్ చిన్న ఊరు. చెరువు, చెరువు చుట్టూ రాతి ఇళ్ళు, పాత పుస్తకాల షాపు. ఇక్కడికి 1771లో వచ్చాడు రిచర్డ్ ఆర్క్‌రైట్. ప్రెస్టన్‌లో పేదింట్లో పుట్టి, మంగలి పని నేర్చుకుని, ఊరూరా తిరిగి ఆడవాళ్ళ దగ్గర జుట్టు కొని విగ్గులు చేసి అమ్మినవాడు. జాన్ కే అనే గడియారాల పనివాడిని కూడా పెట్టుకుని నూలు వడికే యంత్రం తయారుచేసి 1769లో పేటెంట్ తీసుకున్నాడు. మొదట నాటింగ్‌హామ్‌లో గుర్రాలతో తిప్పించాడు. గుర్రాలకి మేత కావాలి, నీళ్ళకి అక్కర్లేదు. స్ట్రట్, నీడ్ అనే ఇద్దరు మేజోళ్ళ వ్యాపారులు డబ్బు పెడితే ఇక్కడ మిల్లు కట్టాడు.

నది పక్కనే ఉండగా మొదటి మిల్లుకి నది నీళ్ళు వాడలేదు. కొండమీది సీసం గనుల్లో ఊరే నీళ్ళు బయటికి పోవడానికి తవ్విన సొరంగం ఒకటుంది, దాని నీళ్ళూ, బాన్సల్ వాగు నీళ్ళూ కలిపి వాడాడు. భూమి లోపల్నుంచి వచ్చే ఆ నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, చలికాలంలో గడ్డకట్టవు. పక్కవాడి చక్రం మంచులో ఇరుక్కుని ఆగిపోతే ఈయనది తిరుగుతూనే ఉంటుంది. కానీ తర్వాత గనులవాళ్ళు ఇంకా లోతున మరో సొరంగం తవ్వడంతో 19వ శతాబ్దం మధ్యకి ఇక్కడి నీళ్ళు తగ్గిపోయాయి. మిల్లు ప్రాణం ఇంకొకరి చేతిలో ఉందని అప్పుడు తెలిసొచ్చింది.

రోడ్డు వైపు గోడకి కింది అంతస్తుల్లో కిటికీల్లేవు. జైలు గోడలా ఉంది. లోపలికి వెళ్ళాక గైడు ఒకాయన మమ్మల్ని తిప్పి చూపించారు. డెబ్భై ఏళ్ళుంటాయి, స్వచ్ఛందంగా చేస్తున్నారు. పగలొక షిఫ్టు, రాత్రొక షిఫ్టు, గంట కొట్టగానే గేటు మూసేవారట. ఒక్క నిమిషం ఆలస్యమైనా కూలి పోయినట్టే. ఏడేళ్ళ పిల్లలు పనిచేశారిక్కడ. జోసెఫ్ రైట్ అనే డెర్బీ చిత్రకారుడు ఈ మిల్లుల్ని రాత్రిపూట గీశాడు: చుట్టూ చీకటి కొండలు, మధ్యలో కిటికీలన్నీ వెలుగుతో. బొమ్మ చూడటానికి దీపావళిలా ఉంటుంది. ఆ వెలుగులో నిద్ర ఆపుకుంటూ తెగిన పోగులు అతుకుతున్న పిల్లల్ని తల్చుకుంటే వేరేలా ఉంటుంది.

యంత్రం ఎలా పనిచేస్తుందో గైడుగారు కాగితం మీద గీసి చెప్పారు. రోలర్లు జతలు జతలుగా ఉంటాయి. వెనక జత నెమ్మదిగా, ముందు జత వేగంగా తిరుగుతుంది. మధ్యలో దూది సాగి సన్నబడుతుంది, తర్వాత పురి పడుతుంది. జతల మధ్య ఎడం పీచు పొడవు కంటే పిసరంత ఎక్కువుండాలి. తక్కువైతే పీచు తెగుతుంది, మరీ ఎక్కువైతే నూలు ముద్దలు ముద్దలుగా వస్తుంది. వింటుంటే అమ్మమ్మ ఎడమచెయ్యి కళ్ళముందు కదిలింది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో ఏకుని వెనక్కి లాగేది. ఎంత లాగాలో వేళ్ళకి తెలుసు. ఆ వేళ్ళకి తెలిసినదాన్ని ఇనుముకి నేర్పారన్నమాట. ఇందులో ఆర్క్‌రైట్ సొంతం ఎంతో చెప్పడం కష్టం, ఇతరుల ఆలోచనలు వాడుకున్నాడని వాదించి ప్రత్యర్థులు 1785లో ఆయన పేటెంట్లు కోర్టులో కొట్టేయించారు. పోతేపోనీ అని మర్నాటి ఏడాది రాజుగారు సర్ బిరుదు ఇచ్చారు.

గైడుగారు సంచీలోంచి దువ్విన దూది కొంచెం తీసి నా చేతిలో పెట్టారు. అంతకుముందు ఇంగ్లండులో చేత్తో వడికిన పత్తినూలు పడుగుకి, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే పోగులకి, ఆగేది కాదనీ, అందుకని నారనూలు పడుగు పోసి పత్తి పేకగా నేసేవారనీ, ఈ యంత్రం వచ్చాకే పడుగుకి ఆగే గట్టి పత్తినూలు దొరికిందనీ చెప్తున్నారు. నాకు ఊరుకోబుద్ధి కాలేదు. ఆ దూదిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని లాగుతూ మెలిపెట్టడం మొదలెట్టాను. నలభై ఏళ్ళయింది. మొదటి రెండుసార్లు తెగింది. మూడోసారి మూరెడు పోగు వచ్చింది. ఆయన రెండు చివరలూ పట్టుకుని లాగారు. తెగలేదు. ఇంకోసారి లాగారు. "పడుగుకి పనికొస్తుందని చెప్పవే" అన్నాను. మా అమ్మాయి ఏం చెప్పిందో గానీ ఆయన పెద్దగా నవ్వి, పోగుని నా టికెట్టుకి చుట్టి ఇచ్చేశారు.

ఆయన చెప్పిన ఇంకో సంగతి మాకు బాగా దగ్గరది. బందరు వైపు నుంచీ, ఇంకా మన దేశం నుంచీ వెళ్ళే అద్దకపు చీటిగుడ్డల మోజులో ఇంగ్లండు ఆడవాళ్ళు పడ్డారని, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల చేసి ఆ గుడ్డల దిగుమతినీ, వాడకాన్నీ ఆపడానికి 1700లో ఒకటి, 1721లో ఒకటి చట్టాలు చేయించారు. తీరా ఆర్క్‌రైట్ భాగస్వాములు పూర్తి పత్తిబట్ట నేయించేసరికి ఆ చట్టమే వాళ్ళకీ అడ్డొచ్చింది. పార్లమెంటుకి వెళ్ళి 1774లో మినహాయింపు తెచ్చుకున్నారు. స్వదేశీ బట్టని గుర్తుపట్టడానికి అంచులో మూడు నీలి పోగులు ఉండాలని షరతు. మన బట్ట కాదని చూపించడానికి నీలిపోగులు! ఆ నీలిమందు ఏ దేశం నుంచి వచ్చేదో అడుగుదామనుకున్నాను గానీ వర్షం మొదలైంది.

పత్తి కూడా వాళ్ళది కాదు. ఆ నేలలో పత్తి మొక్క బతకదు. వెస్టిండీస్ నుంచీ, తర్వాత అమెరికా దక్షిణాది నుంచీ బానిసలు పండించిన పత్తి వచ్చేది.

నార్త్ స్ట్రీట్‌లో 1776 నాటి పనివాళ్ళ ఇళ్ళు చూసి తిరిగొచ్చాం. పై అంతస్తులో వరసగా పొడవాటి కిటికీలు. భార్యాపిల్లలు మిల్లుకి పోతే మగవాళ్ళు అక్కడ మగ్గం నేసేవారు. కొండమీద విల్లర్స్లీ కాజిల్ కనబడుతుంది. ఆర్క్‌రైట్ తన కోసం కట్టించుకుంటుండగా 1791లో లోపల కాలింది, బాగుచేయిస్తుండగా 1792లో పోయాడు. అంత సంపాదించీ ఆ ఇంట్లో ఒక్కరోజు పడుకోలేదు.

నాలుగో రోజు: కాలువ, మాసన్ మిల్లు, మ్యాట్‌లాక్ బాత్

క్రామ్‌ఫర్డ్ కాలువ 1794లో తెరిచారు. జెస్సప్, ఔట్రమ్ ఇంజినీర్లు. పడవలు పోయే రోజులు పోయి ఇప్పుడు బాతులదే రాజ్యం. గట్టుమీద బురదలో అరగంట పైనే నడిస్తే హై పీక్ జంక్షన్. ఇక్కడ్నుంచి 1831 నాటి రైలుమార్గం ఒకటి కొండెక్కి 33 మైళ్ళ అవతల ఇంకో కాలువని కలిసేది. వాలు ఎక్కువున్న చోట ఆవిరియంత్రాలు తాళ్ళు కట్టి పెట్టెల్ని లాగేవి. 1888లో తాడు వదిలేసి వచ్చిన పెట్టెలు కాలువ మీంచి ఎగిరి అవతల పడ్డాయట. ఆ తర్వాత ఇలాంటివి పడటానికే ఒక గుంత తవ్వారు, ఒక విరిగిన పెట్టె ఇంకా అందులోనే ఉంది. కొంచెం ముందుకెళ్తే లీవుడ్ పంప్ హౌస్. నదిలోంచి నీళ్ళు తోడి కాలువలో పోసే 1849 నాటి ఆవిరియంత్రం. అది నడిపే రోజు కాకపోవడంతో పొగగొట్టం చూసి సరిపెట్టుకున్నాం.

వెనక్కొచ్చి మాసన్ మిల్లు. ఇదీ ఆర్క్‌రైట్ 1783లో కట్టించిందే, ఈసారి నది మీదే. క్రామ్‌ఫర్డ్‌లో దాక్కున్న మనిషి ఇక్కడ ఎర్ర ఇటుక, అందమైన కిటికీలు, గోపురంతో రోడ్డుకి ఎదురుగా నిలబడి "చూడండి" అంటున్నాడు. పన్నెండేళ్ళలో ధైర్యం ఎంత పెరిగిందో! 1991 దాకా ఇందులో నూలు పని సాగింది.

మ్యాట్‌లాక్ బాత్ గురించి ఎక్కువ చెప్పను. సముద్రం లేని బీచి ఊరది. ఐస్‌క్రీమ్, చేపా చిప్సూ, వీడియో గేములు, వరసగా నిలబెట్టిన మోటార్ సైకిళ్ళు. కేబుల్ కారెక్కి హైట్స్ ఆఫ్ ఏబ్రహామ్ కొండమీదికి వెళ్ళాం. బైబిల్ ఏబ్రహామ్ కాదు, కెనడాలో 1759లో బ్రిటిష్‌వాళ్ళు గెలిచిన యుద్ధభూమి పేరు. పైనుంచి చూస్తే లోయ అంతా ఒక్క చూపులో పడుతుంది. నది, రోడ్డు, రైలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సందులోంచి పోతున్నాయి.

సాయంత్రం రైల్లో కాళ్ళు లాగుతుంటే కళ్ళు మూసుకున్నాను. టికెట్ కలెక్టరు వచ్చి భుజం దగ్గర నిలబడ్డాడు. నిద్రలోనే పర్సులో చెయ్యి పెట్టి దొరికిన కాగితం ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, చుట్టి ఉన్న పోగుని వేలితో ఒకసారి తడిమి, జాగ్రత్తగా తిరిగిచ్చేశాడు. "చాలా బాగుందమ్మా, కానీ ఇది కాదు" అన్నాడట, మా అమ్మాయి చెప్పింది.